రోజూ రమ్మనే ఆట

2023 డిసెంబరు 22న చైనాలో ఆన్‌లైన్ ఆటలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ ఒక ముసాయిదాను జనం ముందు పెట్టింది. ఆటల్లో పెట్టే ఖర్చుకు పరిమితి ఉండాలన్నది అందులో ఒక నిబంధన. రోజూ లాగిన్ అయినందుకు, మొదటిసారి డబ్బు కట్టినందుకు, వరసగా కడుతూ పోతున్నందుకు ఆటగాళ్లకు బహుమతులు ఇవ్వకూడదన్నది మరొకటి. ఆ ఒక్క రోజులోనే హాంకాంగ్ మార్కెట్లో టెన్సెంట్ షేరు దాదాపు 12 శాతం, నెట్‌ఈజ్ షేరు పాతిక శాతం దాకా పడిపోయాయి. నెల తిరిగేసరికి ఆ ముసాయిదా సంస్థ వెబ్‌సైటులో కనిపించకుండా పోయింది. నష్టమంతా లాగిన్ నిబంధన వల్లే వచ్చిందనలేం, ఖర్చు పరిమితికీ అందులో వాటా ఉంది. అయినా ఆగి ఆలోచించాల్సిన సంగతి ఒకటుంది. ఆట తెరవగానే చేతికొచ్చే నాలుగు నాణేలు, ఒక చిన్న పెట్టె, కొన్ని రంగురాళ్లు కంపెనీకి పైసా ఖర్చు లేని బొమ్మలు. వాటిని ఇవ్వొద్దంటే కంపెనీకి పోయేదేమీ ఉండకూడదు. మరి మదుపరులు ఎందుకంత కంగారుపడ్డారు? ఆ బొమ్మలకు బదులుగా ఆటగాడి దగ్గర నుంచి కంపెనీ తీసుకుంటున్నది చాలా విలువైనదై ఉండాలి.

అది అలవాటు. ఉచితంగా దొరికే ఆటల్లో ఎక్కువమంది ఎప్పటికీ ఒక్క రూపాయి కూడా కట్టరు. కట్టే కొద్దిమందీ మొదటి రోజే కట్టరు, ఆట తమ దినచర్యలో భాగమయ్యాక కడతారు. అందుకే ఈ వ్యాపారంలో అమ్మకాల కంటే ముందు చూసే లెక్కలు వేరే ఉన్నాయి. ఈ రోజు ఎంతమంది ఆట తెరిచారు? ఆట దించుకున్నవాళ్లలో మర్నాడు ఎంతమంది మళ్లీ వచ్చారు, 7వ రోజుకు ఎంతమంది మిగిలారు, 30వ రోజుకు ఎంతమంది? రోబ్లాక్స్ లాంటి కంపెనీలు ప్రతి మూడు నెలలకూ మదుపరులకు ఇచ్చే నివేదికల్లో రోజువారీ ఆటగాళ్ల సంఖ్యను ముందు వరసలో పెడతాయి. రోజూ వచ్చేవాళ్లుంటే పోటీ ఆడటానికి జనం దొరుకుతారు, ప్రకటనలు చూసే కళ్లు దొరుకుతాయి, పాత్రకు తొడిగే కొత్త స్కిన్ వచ్చిందని చెబితే వినేవాళ్లు దొరుకుతారు. లాగిన్ బహుమతి అలా వచ్చినందుకు చెల్లించే ధర. దాన్ని కానుక అనుకున్నంతకాలం దాని పనితీరు మనకు అర్థం కాదు.

ఈ పద్ధతి ఒక్కరోజులో పుట్టలేదు. 2009 జూన్‌లో జింగా కంపెనీ ఫేస్‌బుక్‌లో విడుదల చేసిన ఫార్మ్‌విల్‌లో స్ట్రాబెర్రీ వేస్తే 4 గంటలకు చేతికొచ్చేది. సమయానికి వచ్చి కోయకపోతే పంట వాడిపోయేది. గడియారం చూసుకుని వెనక్కి రావాల్సిన బాధ్యతను ఆటగాడి మీద పెట్టిన ఆ ఎత్తుగడ కోట్లమందిని రోజూ రప్పించింది. దీన్ని విమర్శించడానికి ఇయాన్ బోగోస్ట్ అనే ఆటల పరిశోధకుడు 2010లో కౌ క్లిక్కర్ అనే ఆట చేశాడు. అందులో ఒక ఆవు బొమ్మ ఉంటుంది, ఆరు గంటలకోసారి దాన్ని నొక్కవచ్చు, అంతకుమించి ఏమీ లేదు. ఎంత ఖాళీ ఆటో చూపించడానికే చేసినదాన్ని వేలమంది మనస్ఫూర్తిగా ఆడారు. మళ్లీ నొక్కే వేళ కోసం కాచుకుని ఉండటమే ఆటలో సగమని ఆ ప్రయోగం బయటపెట్టింది. 2012లో వచ్చిన క్యాండీ క్రష్ సాగా ఐదు ప్రాణాలిచ్చి, పోయిన ఒక్కో ప్రాణానికి అరగంట ఆగమంది. 2016 నాటి క్లాష్ రాయల్ గెలిచిన పెట్టెలు తెరుచుకోవడానికి 3 గంటలు, 8 గంటలు అని గడువులు పెట్టింది. ఆ తర్వాత వచ్చిన చాలా ఆటలు వీటినే కలిపి, మెరుగులు దిద్దుకున్నాయి.

మెరుగులు ఎంతవరకు వెళ్లాయో చూడాలంటే 2020 సెప్టెంబరులో చైనా కంపెనీ మిహోయో విడుదల చేసిన జెన్‌షిన్ ఇంపాక్ట్ మంచి ఉదాహరణ. ఇందులో రెజిన్ అనే శక్తి 8 నిమిషాలకు ఒకటి చొప్పున పోగవుతుంది, గట్టి బహుమతులు కావాలంటే దాన్నే ఖర్చు పెట్టాలి. మొదట్లో దాని గరిష్ఠ నిల్వ 120. అంటే 16 గంటల్లో నిండిపోతుంది, ఆ తర్వాత పోగవ్వాల్సినదంతా వృథా. రోజుకు ఒక్కసారి ఆట తెరిచేవాడు ప్రతిరోజూ 8 గంటల రెజిన్ పోగొట్టుకుంటాడు. ఆటగాళ్లు గొడవ చేశాక అదే ఏడాది నవంబరులో నిల్వను 160కి, 2024లో 200కి పెంచారు. 200 నిండటానికి 26 గంటల 40 నిమిషాలు పడుతుంది కాబట్టి ఇప్పుడు రోజుకోసారి వచ్చినా నష్టం లేదు. ఒక అంకెను అటూ ఇటూ జరిపితే లక్షలమంది రోజు ఎలా గడవాలో మారిపోయిందన్నమాట. అదే ఆటలో రోజూ నాలుగు చిన్న పనులు పూర్తిచేస్తే ప్రిమోజెమ్‌లు అనే రాళ్లు 60 వస్తాయి. కొత్త పాత్ర కోసం ఒక్కసారి అదృష్టం పరీక్షించుకోవడానికి 160 కావాలి. అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం ఒక్కో ప్రయత్నానికి 0.6 శాతం, 90వ ప్రయత్నానికి మాత్రం తప్పక వస్తుంది. 90 ప్రయత్నాలకు 14,400 రాళ్లు. కేవలం రోజువారీ పనుల మీదే ఆధారపడితే అవి పోగవడానికి 240 రోజులు పడుతుంది. ఆటలో రాళ్లు దొరికే దారులు ఇంకా ఉన్నాయి గానీ, కొత్త పాత్ర ఒక విడతలో అందుబాటులో ఉండేది సుమారు మూడు వారాలే. ఆ ఖాళీని పూరించేది డబ్బు. డబ్బు కట్టినా లాగిన్ తప్పదు. నెలవారీ కార్డు కొన్నవాళ్లకు 30 రోజుల పాటు రోజుకు 90 రాళ్లిస్తారు, ఆట తెరవని రోజు వాటా మాత్రం పోయినట్టే. కొనుక్కున్న సరుకునే రోజూ వచ్చి తీసుకెళ్లమని, రాకపోతే ఇవ్వమని చెప్పే దుకాణం బయట ఉంటే మనం ఊరుకోం.

ఈ ఏర్పాట్లన్నిటి వెనకా ఉన్న బలం బహుమతి మీద ఆశ కంటే ఎక్కువగా దాన్ని పోగొట్టుకుంటామన్న భయం. డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్స్కీ 1979లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, ఒకే మొత్తం చేతికొచ్చినప్పటి సంతోషం కంటే చేజారినప్పటి బాధ మనిషికి ఎక్కువ. 1992లో వాళ్లు వేసిన అంచనాలో ఆ తేడా రెండింతలకు పైమాటే. ఏడు గళ్ల లాగిన్ క్యాలెండర్‌ను ఈ దృష్టితో చూడండి. మొదటి రోజు కొద్దిగా, రెండో రోజు ఇంకొంచెం, ఏడో రోజు మెరిసే పెద్ద పెట్టె. వరస తెగితే మళ్లీ మొదటి గడికి. ఇంకా ఇవ్వని పెట్టెను ముందే చూపించడం వల్ల అది మనదే అన్న భావం కలుగుతుంది, ఆరో రోజు రాలేకపోతే మన సొమ్మే పోయినట్టుంటుంది. మొదటి గడిని ఊరికే నింపి ఇవ్వడం కూడా లెక్క ప్రకారమే. జోసెఫ్ న్యూన్స్, జేవియర్ డ్రెజ్ 2006లో ప్రచురించిన అధ్యయనంలో కార్లు కడిగే చోట కొందరికి 8 ముద్రల కార్డు, కొందరికి ముందే 2 ముద్రలు వేసిన 10 ముద్రల కార్డు ఇచ్చారు. ఇద్దరూ కడిగించుకోవాల్సింది ఎనిమిదిసార్లే. మొదటి రకం కార్డు పూర్తిచేసినవాళ్లు 19 శాతం, రెండో రకం పూర్తిచేసినవాళ్లు 34 శాతం. ఎవరో మొదలుపెట్టి ఇచ్చిన పనిని సగంలో వదలడానికి మనకు మనసొప్పదు.

భయానికి, బహుమతికి మధ్య గీత ఎంత పలచనో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ చరిత్ర చెబుతుంది. 2004లో విడుదలకు ముందు పరీక్షల దశలో బ్లిజార్డ్ సంస్థ ఒక మంచి ఉద్దేశంతో, ఎక్కువసేపు ఆడేవాళ్లకు వచ్చే అనుభవ పాయింట్లను సగానికి తగ్గించే నియమం పెట్టింది. కాసేపు ఆపి విశ్రాంతి తీసుకోమని దాని భావం. ఆటగాళ్లు మండిపడ్డారు. అప్పుడు సంస్థ అసలు లెక్క మార్చకుండా పేర్లు మార్చింది. అంతకుముందు సగం అన్నదాన్ని మామూలు అంది, మామూలు అన్నదాన్ని విశ్రాంతి తీసుకున్నవారికి రెట్టింపు బహుమతి అంది. ఫిర్యాదులు ఆగిపోయాయి. రోజూ వచ్చినవాడికి అదనంగా ఇస్తున్నామని కంపెనీలు చెప్పే మాటను ఇదే పద్ధతిలో తిప్పి చదవవచ్చు. ఆటలో ముందుకెళ్లడానికి రోజువారీ బహుమతులు తప్పనిసరి అయ్యేలా లెక్కలు కట్టి ఉంటే, రానివాడికి జరిమానా వేస్తున్నట్టే. అదే వార్‌క్రాఫ్ట్ నియమంలో మరో పాఠం కూడా ఉంది. అక్కడ బహుమతి ఆట మూసి వెళ్లిన సమయానికి దక్కింది. పరికరం ఒకటే, దాన్ని ఎటు తిప్పాలన్నది తయారుచేసేవాళ్ల చేతిలో ఉంది.

లాగిన్‌తో పని అయిపోదు, చురుగ్గా ఆడాలి కూడా. మూడు మ్యాచ్‌లు పూర్తిచెయ్యి, ఫలానా తుపాకీతో ఇంతమందిని కొట్టు, స్నేహితులతో కలిసి ఒక ఆట ఆడు అంటూ రోజువారీ మిషన్లు ఉంటాయి. వాటి పాయింట్లతో బ్యాటిల్ పాస్ మెట్లు ఎక్కాలి. మన దగ్గర బీజీఎంఐ అనే తుపాకుల ఆట ఆడే పిల్లలందరికీ రాయల్ పాస్ తెలుసు. ముందు డబ్బు కట్టి పాస్ కొంటారు, గడువులోగా ఆడి ఆ సరుకులను సంపాదించుకుంటారు, గడువు దాటితే మిగిలినవి పోతాయి. డబ్బు, సమయం రెండూ ఒకే వస్తువుకు కట్టించుకునే ఈ పద్ధతి 2017 చివర్లో ఫోర్ట్‌నైట్ చేపట్టాక ప్రపంచమంతా పాకింది. దీనికి తోడు జట్టు ఒత్తిడి. క్లాన్ అనే జట్టులో పాయింట్లు తేలేనివాడిని తోటివాళ్లే నిలదీస్తారు, తీసేస్తారు. అప్పుడు ఆటను వదలడమంటే స్నేహితులను వదలడం. పద్నాలుగేళ్ల పిల్లవాడికి ఇది చిన్న విషయం కాదు. భోజనానికి పిలిచినా ఫోన్ వదలడం లేదని కోప్పడే పెద్దలు ఈ భాగాన్ని గమనించాలి. ఆ క్షణంలో వాడు మొండికేస్తున్నది ఆట మీద మోజుతోనే కాకపోవచ్చు, మధ్యలో లేస్తే నలుగురు స్నేహితుల దగ్గర మాట పడాల్సి వస్తుంది.

బహుమతి ఆనందాన్ని పెంచుతుంది కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 1973లో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ స్టాన్‌ఫర్డ్ ఆవరణలోని బింగ్ నర్సరీ స్కూల్లో చేసిన ప్రయోగం దీనికి విరుద్ధమైన జవాబిచ్చింది. రంగు పెన్నులతో బొమ్మలు గీయడం ఇష్టపడే పిల్లల్లో కొందరికి, గీస్తే మంచి ఆటగాడన్న ప్రశంసాపత్రం ఇస్తామని ముందే చెప్పి ఇచ్చారు. కొందరికి చెప్పకుండా చివర్లో ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్దిరోజుల తర్వాత బహుమతి ఊసు లేకుండా పెన్నులు ముందు పెడితే, ముందే ఆశ పెట్టిన పిల్లలు మిగతావాళ్లు గీసినదాంట్లో సుమారు సగం సేపే గీశారు. అనుకోకుండా బహుమతి అందుకున్న పిల్లల ఇష్టం తగ్గలేదు. దీని మీద మనస్తత్వ శాస్త్రవేత్తలు చాలాకాలం వాదించుకున్నారు. 1999లో ఎడ్వర్డ్ డెసీ, మరో ఇద్దరు పరిశోధకులు 128 ప్రయోగాల ఫలితాలను కలిపి చూసి, ముందే చెప్పి ఇచ్చే బహుమతులు సహజమైన ఇష్టాన్ని తగ్గిస్తాయనే తేల్చారు. నర్సరీ పిల్లల బొమ్మలకూ పెద్దల ఆటలకూ తేడా ఉంది, దీన్ని యథాతథంగా అన్వయించకూడదు. కానీ ఆటలు ఆడేవాళ్లే తరచూ చెప్పే మాట ఒకటుంది: ముందు డైలీలు ముగించేసి, తర్వాత ఆడుకోవచ్చు. ఆడుకోవడానికి ముందు ముగించాల్సిన పని ఆటలోనే ఉందంటే, ఆ భాగంలో ఆట పోయి డ్యూటీ మిగిలిందనే అర్థం.

ఇందులో బలవంతం ఏముంది, ఇష్టం లేనివాళ్లు మానెయ్యవచ్చు కదా అంటారు. నిజమే, ఎక్కువమంది మానేస్తారు కూడా. రోజూ లాగిన్ అయ్యేవాళ్లందరినీ రోగులుగా చూడటం తప్పు. 2022 నుంచి అమల్లోకి వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ గేమింగ్ రుగ్మతను చాలా జాగ్రత్తగా నిర్వచించింది. ఆట మీద అదుపు తప్పి, చదువు, ఉద్యోగం, కుటుంబం దెబ్బతిని, ఆ స్థితి సాధారణంగా 12 నెలలైనా కొనసాగితేనే రుగ్మత అంటుంది. ఆ కొలతకు వచ్చేవాళ్లు కొద్దిమందే. నా అభ్యంతరం జబ్బు గురించి కాదు. ఆరోగ్యంగా ఉన్న మనిషి సాయంత్రాన్ని ఎవరు నిర్ణయిస్తున్నారన్నదే ప్రశ్న. లాగిన్ వరస అన్నది, మానెయ్యవచ్చు అనే స్వేచ్ఛకు రోజురోజుకూ ధర పెంచుతూ పోయే ఏర్పాటు. 10 రోజుల వరసను వదలడం తేలిక, 400 రోజుల వరసను వదలడం కష్టం. ఆ 400 రోజుల తర్వాత ఆట అంతకంతకూ బాగుపడిందని కాదు, వదిలితే పోయేది పెరిగింది.

ఉచిత ఆటకు ఖర్చు ఎవరు పెట్టాలన్న అభ్యంతరం ఇంకా గట్టిది. సర్వర్లకు, కళాకారులకు, ప్రోగ్రామర్లకు జీతాలివ్వాలి. రూపాయి కట్టలేని ఆటగాడికీ ఆట దక్కుతున్నదంటే ఈ వ్యాపార పద్ధతి వల్లే. మూడు వేల రూపాయల ఆట కొనలేని ఇళ్లలో పిల్లలు చేతిలో ఉన్న ఫోన్లో మంచి ఆట ఆడుతున్నారు, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. అయితే ఆదాయం కావాలన్నదానికి, వరస తెగితే మొదటికి రావాలన్నదానికి తప్పనిసరి సంబంధం లేదు. 2021లో వచ్చిన హేలో ఇన్ఫినిట్ మల్టీప్లేయర్ ఉచితమే, కానీ దాని బ్యాటిల్ పాస్‌కు గడువు పెట్టలేదు. కొన్నవాళ్లు ఎప్పుడైనా తీరిగ్గా పూర్తిచేసుకోవచ్చు. 2024లో వచ్చిన హెల్‌డైవర్స్ 2 కూడా అలాగే గడువు లేని పాస్‌లు పెట్టింది. అది డబ్బిచ్చి కొనాల్సిన ఆట కాబట్టి పోలిక పూర్తిగా కుదరదు గానీ, 12 వారాల్లో 1.2 కోట్ల కాపీలు అమ్ముడైన ఆటకు గడువు లేకపోవడం అడ్డు కాలేదు. జెన్‌షిన్ కంపెనీయే తన వెబ్‌సైటులో ఇచ్చే చెక్-ఇన్ బహుమతుల్లో వరసను లెక్కపెట్టదు, నెలలో మొత్తం ఎన్ని రోజులు వచ్చారన్నదే చూస్తుంది. రెండు రోజులు తప్పితే చివరి రెండు బహుమతులు రావు, అంతే. కాబట్టి దారులు తెలియక కంపెనీలు కఠినమైన పద్ధతి ఎంచుకుంటున్నాయని అనలేం.

రోజువారీ పరిమితులు నిజానికి ఆటను తగ్గిస్తాయి, రెజిన్ అయిపోతే ఆటగాడు ఫోన్ పక్కన పెడతాడు అని కూడా వాదిస్తారు. కొంతవరకు ఒప్పుకోవాల్సిందే. ఒక్కపూట ఆరు గంటలు ఆడే అవకాశాన్ని అది తగ్గిస్తుంది. కానీ ఆ ఆరు గంటలను వారమంతా పంచిపెట్టి, ఏ రోజూ ఖాళీ లేకుండా చేస్తుంది. అలవాటు కుదరడానికి ఒకేసారి ఎక్కువ తినిపించడం కంటే రోజూ కొంచెం పెట్టడమే పనికొస్తుంది. ఇక మంచి అలవాట్ల సంగతి. డ్యూయోలింగో అనే భాషలు నేర్పే యాప్ ఇదే వరసను వాడుకుని కోట్లమందిని రోజూ కాస్త చదివిస్తోంది కదా అంటారు. అక్కడ కూడా వరస కాపాడుకోవడం కోసం అర్ధరాత్రి ముందు ఒక తేలిక పాఠం నొక్కేసి పడుకునేవాళ్లున్నారు. అయితే ఆ యాప్‌లో ఒక రోజు తప్పినా వరస నిలిపే స్ట్రీక్ ఫ్రీజ్ ఉంది. మనిషికి జ్వరం వస్తుందని, ప్రయాణాలుంటాయని, పరీక్షలుంటాయని ఒప్పుకున్న ఏర్పాటు అది. ఏ ఆటనైనా తూచడానికి నేను వాడే కొలత కూడా అదే: ఒక వారం రాలేకపోయి తిరిగొచ్చినవాడికి ఆట ఏం చూపిస్తుంది? నువ్వు లేనప్పుడు ఇవి వచ్చాయి, తీరిగ్గా చూసుకో అంటుందా, నువ్వు రాలేదు కాబట్టి ఇవన్నీ పోయాయి అంటుందా? బహుమతులు ఎన్ని ఇస్తున్నారన్న లెక్క కంటే ఈ జవాబు ఆ ఆట స్వభావాన్ని ఎక్కువగా బయటపెడుతుంది.

మన చట్టాలు ఇంతవరకూ ఈ వైపు చూడలేదు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించాయి. రమ్మీ అప్పుల్లో కూరుకుపోయిన కుటుంబాల సంగతి తెలుసు కాబట్టి ఆ నిర్ణయాలకు కారణం అందరికీ అర్థమైంది. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆమోదించిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం దేశమంతటా డబ్బు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను, వినోదం కోసం ఆడే ఆటలను ప్రోత్సహిస్తామంది. పందెంగా డబ్బు పెట్టారా లేదా అన్నదే అక్కడ గీటురాయి. సమయాన్ని పందెంగా పెట్టించే పద్ధతులు అందులోకి రావు. 2023 నవంబరులో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ డార్క్ ప్యాటర్న్స్ మీద ఇచ్చిన మార్గదర్శకాలు కొంచెం దగ్గరగా వస్తాయి. కొనుగోలుదారులను తప్పుదోవ పట్టించే 13 పద్ధతుల్లో లేని తొందరను సృష్టించడం ఒకటి. కానీ ఇక్కడా ఒక చిక్కుంది. రెండే మిగిలాయి అని దుకాణం అబద్ధం చెబితే అది లేని తొందర. లాగిన్ క్యాలెండర్‌లో గడువు అబద్ధం కాదు, కంపెనీ నిజంగానే ఆ రాత్రి బహుమతిని తీసేస్తుంది. తొందరను నిజం చేయగలిగినవాడికి అబద్ధం చెప్పాల్సిన అవసరం రాదు.

రోజువారీ బహుమతులన్నిటినీ చైనా ముసాయిదాలాగా నిషేధించాలని నేను అనను. తీరిక ఉన్న రోజు వచ్చినవాడికి ఏదైనా ఇవ్వడంలో తప్పు లేదు. పిల్లల ఖాతాల్లో మాత్రం వరస తెగిందని మొదటికి పంపడం, డబ్బు కట్టి కొన్నదాన్ని లాగిన్ కాలేదని రద్దు చేయడం, రాత్రి పడుకునే వేళ వరస పోతోందని నోటిఫికేషన్ పంపడం, ఈ మూడింటినీ ఆపించాలి. పెద్దల విషయంలో, ఒక రోజు తప్పితే ఏం పోతుందో పాస్ కొనే ముందే తెర మీద స్పష్టంగా చెప్పించాలి. ఇవి సాధ్యం కాని కోరికలు కావు. 2023 మేలో బీజీఎంఐ మన దేశంలో మళ్లీ మొదలైనప్పుడు 18 ఏళ్లలోపు వారికి రోజుకు 3 గంటలు, మిగతావారికి 6 గంటలు అన్న పరిమితి పెట్టుకునే వచ్చింది. అంటే ఆటగాడి వయసు అడగడం, ఎంతసేపు ఆడాడో లెక్కపెట్టడం, ఆ లెక్కను బట్టి ఆటను మార్చడం కంపెనీకి అప్పటికే చేతనవును. ఆ ఖాతాల్లో తప్పిపోయిన రోజును దాటవేసి మర్నాటి గడి నుంచే బహుమతి ఇవ్వడానికి ఇంతకంటే కొత్త సాంకేతికత ఏదీ అక్కర్లేదు.